పని రాని పిల్లే పరీక్షకు

ప్రమీల ఇద్దరు కూతుళ్లలో పెద్ద చదువుకు ఎవరు పోవాలో ఏ పంతులూ తేల్చలేదు. కత్తెర తేల్చింది.

బతుకుదెరువుకు వలసొచ్చి లింబాయత్‌లో వాళ్లుండే గదికి పొద్దున్నే ఎంబ్రాయిడరీ చీరల మూటలు వస్తాయి. చీర వెనక వేలాడే దారాలన్నీ కోసి, మడతపెట్టి, మర్నాటికి సేటుకు అప్పగించాలి. ధాగా కటింగ్ అంటారు. మొగుడు పరుశురాం పల్సానాలో రంగుల మిల్లుకు పోతాడు కాబట్టి, కత్తెర పట్టేది తల్లీ పిల్లలే. పెద్దది జమున చేతిలో కత్తెర నత్తనడక. చిన్నది సంధ్య చేతిలో దారాలు వానలా రాలతాయి. ఒకదానికొకటి తోడుంటుందని ఇద్దర్నీ కార్పొరేషన్ తెలుగు బడిలో ఒకే తరగతిలో వేశారు. ఇప్పుడు ఐదోది.

కామ్‌రేజ్ అవతల ఒక హాస్టలు బడి ఉంది. పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకుంటుంది. తిండీ బట్టా అన్నీ వాళ్లవే. విజయరాణి టీచరు ఇద్దరి పేర్లూ పంపింది, సంధ్యకు సీటు ఖాయమని కూడా అంది. పరీక్ష ఆదివారం. శనివారం పెళ్లిళ్ల సీజను మాల్ మూటలు మూటలుగా వచ్చిపడింది.

"అమ్మా, నేను గూడ పోత."

"నువ్వు పోతే గీ మాల్ ఎవలు కోస్తరే? మీ బాపు అస్తడా?"

"జమునక్క కోస్తది."

"అదా? దారం కొయ్యమంటే చీరనే కోస్తది. మల్ల సేటు మనల్ని కోస్తడు."

అందరికంటే ముందు జమునే నవ్వింది. సంధ్య నవ్వలేదు. "టీచర్ నా పేరే ముందు రాసింది."

"రాస్తే రాసింది తియ్. టీచరచ్చి కటింగ్ చేస్తదా?"

జమున ఒక్కతే వెళ్లింది. సాయంత్రం వచ్చి గుర్తున్న లెక్కలు ఒక్కొక్కటీ చెబుతుంటే, సంధ్య తలెత్తకుండానే జవాబులు చెప్పేసింది. కత్తెర ఆగలేదు. ప్రమీల విన్నది. ఒకటి రెండు జవాబులకు జమున మొహం వాడిపోవడమూ చూసింది. లేచి అన్నం పెట్టింది.

జమునకు సీటొచ్చింది.

చేర్చిన రోజు పెద్దసారు హిందీలో మాట్లాడాడు. ఇక్కడ డబ్బు చెల్లదు, సిఫారసు చెల్లదు, తెలివి ఒక్కటే చెల్లుతుందన్నాడు. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. పరీక్షకు వచ్చినవాళ్లలోంచి న్యాయంగానే ఏరారు. రానివాళ్ల సంగతి ఆయనకెవరు చెప్పాలి? అందరితో పాటు ప్రమీలా చప్పట్లు కొట్టింది. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. సంతోషమూ రాలేదు.

ఇంటికొచ్చేసరికి సంధ్య మూట విప్పుతోంది.

"అమ్మా, అచ్చే యేడు నేను రాయచ్చా?"

"ఐదోదాంట్ల ఉన్నోళ్లకేనంట. ఒక్కసారే."

"గట్లనా."

పని నిదానమని జమునకు వెలుతురున్న కిటికీ పక్కన చోటిచ్చారు ఇన్నాళ్లూ. సంధ్య అక్కడికి జరిగింది. అక్క కత్తెర తీసి, ఒక దారం మీద ఆనించి చూసింది. పెద్దగా వాడింది కాదేమో, ఇంకా పదునుగానే ఉంది. తన కత్తెర పక్కన పడేసి దానితో మొదలుపెట్టింది.

ప్రమీల ఎదురుగా కూర్చుని ఇంకో చీర ఒళ్లోకి లాక్కుంది.