మునెమ్మ కొంగున బీగంచెవి

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు చిత్తూరులో డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. ఆ మే నెలలో బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్లాను. పాత జనరేటర్ అమ్మేసి కొత్తది పెట్టారు. మా ఆఫీసు అనుమతి లేనిదే దాన్ని నడపకూడదు.

ఎర్తింగ్, ప్యానెల్, కేబుళ్లు అన్నీ చూశాను. వంక పెట్టడానికి ఏమీ లేదు. ప్రమాదమున్న పని చేసేవాళ్లకు భద్రతా శిక్షణ ఇప్పించే బాధ్యత యజమానిదే కాబట్టి, ఆ రిజిస్టరూ అడిగాను. యజమాని చెంగల్రాయులు మురిసిపోతూ తెచ్చిచ్చాడు. అందరి సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. నేను పెన్ను మూత కూడా తీశాను.

అయితే కాగితాన్ని నమ్మే గుణం నాకు మొదట్నుంచీ తక్కువ. గుజ్జు తీసే యంత్రం దగ్గరున్న మునెమ్మను, కరెంటు పోతే ఏం చేస్తావని అడిగాను.

"కరెంటు పోతేనే గదా సార్, లోపల చెయ్యి పెట్టి పీచు తీసి కడిగేది. మళ్లా టైము యాడుంటాది?"

పెన్ను మూత మళ్లీ పెట్టేశాను. పాత జనరేటర్‌ను చేత్తో స్టార్ట్ చేసేవాళ్లు, పది నిమిషాలు పట్టేది. అందుకే ఆ అలవాటు చెల్లింది. కొత్తది క్షణాల్లో దానంతటదే అందుకుంటుంది. యంత్రం స్విచ్ ఆపకపోతే అదీ వెంటనే తిరుగుతుంది, లోపల ఆమె చేతులుంటాయి. మరి శిక్షణలో ఏం చెప్పారని అడిగితే, "ఎవరో సారొచ్చి ఇంగ్లీషులో శానా బాగా చెప్పినాడు సార్, టీ కూడా ఇచ్చినారు" అంది.

అనుమతి ఆపేశాను. కాయల లారీలు రోడ్డు మీద నిలబడిపోయినాయని, శిక్షణ సీజనైనాక పెట్టిస్తానని చెంగల్రాయులు బతిమాలాడు. "చేతులు పోయినాక పాఠమెందుకప్పా?" అన్నాను.

అర్ధరోజు పని ఆపించి, ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ చేత వాళ్ల మాటల్లోనే చెప్పించాను. కరెంటు పోవడం వేరు, మనం తీయడం వేరు. కడిగే ముందు స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి కడిగే మనిషే ఉంచుకోవాలి. ఒక్కొక్కరి చేత చేయించి చూశాకే సంతకం పెట్టాను.

జూన్‌లో చెప్పకుండా వెళ్లాను. కరెంటు పోయి జనరేటర్ నడుస్తోంది, మునెమ్మ యంత్రం మాత్రం ఆగి ఉంది. తాళం తియ్యమని చెంగల్రాయులు అరుస్తున్నాడు. మోచేతుల దాకా గుజ్జుతో ఉన్న ఆమె తల కూడా ఎత్తలేదు.

"కడిగేది ఇంగా కాలేదు సామీ. బీగంచెవి నా కొంగున ఉండాది. అయినాక నేనే తీస్తా."

ఆయన నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. నా సర్వీసులో అంత గర్వపడ్డ రోజు మరొకటి లేదు.

శిక్షణ జరిగిందని రిజిస్టర్ చెబుతుంది. అది అందిందో లేదో, యజమాని తొందరపెట్టినప్పుడు పనివాళ్లిచ్చే జవాబే చెబుతుంది. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా రిజిస్టర్ తెరవకముందే అడిగేవాణ్ని: "కరెంటు పోతే ఏం చేస్తావమ్మా?"