మామయ్య సొంత డబ్బా

మా మామయ్యకు ఈ లోకంలో బాగా నచ్చిన మనిషి ఒక్కడే, తనే. ఆయన ప్రెస్సులో అట్ట మీద రంగు కుదిరితే తన చెయ్యి, మెషిన్ మొరాయించకుండా తిరిగితే తన చూపు. ఒకసారి వాన వెలిసి కాగితాలు చెమ్మ ఆరితే అదీ తన చలవేనన్నాడు. మరి సూర్యుడేం చేశాడని అత్తయ్య అడిగితే, "పక్కన నిలబడ్డాడు" అన్నాడట.

తెలుగులో ఎమ్మే చేసి, ఆయన దగ్గరే ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. నోరు మెదపలేనిదాన్ని, ఆ పని నాకు సరిపోయింది. సైకాలజీ చదువుతున్న మా అన్నయ్య మాత్రం మామయ్యది నార్సిసిజం అనే జబ్బని తేల్చేశాడు. వాడి పుస్తకం తీసుకుని నేనూ చదివాను. తన్ను తాను మెచ్చుకోవడం చాలామందికి ఉండే స్వభావమేననీ, అది ముదిరి ఎదుటివాళ్ళ బాధ కంటికి ఆనకుండా పోతే, బతుకంతా చెడితే అప్పుడు జబ్బనీ ఉంది. అన్నయ్య ఆ పేజీ దాటేసినట్టున్నాడు.

ఆ నెల కాలేజీ పత్రికకు పేజీల వరస నేనే కూర్చాను. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చవుతాయి, మడతపెడితే వరసలోకి రావాలి. నేను రెండు పేజీలు తారుమారు చేశాను. ప్రిన్సిపాల్‌గారి సందేశం "నా విజయరహస్యం ఒక్కటే" దగ్గర ఆగింది. పేజీ తిప్పితే పేడపురుగు మీద వ్యాసం: "పేడను ఉండలా చుట్టి వెనక్కాళ్ళతో దొర్లించడం."

ఐదువందల ప్రతులు పంచేశారు. మర్నాడు ప్రిన్సిపాల్‌గారు వచ్చి, ఇది చేసినవాళ్ళను ఇవాళే తీసెయ్యకపోతే కాలేజీ పని ఇక ఈ గడప తొక్కదన్నారు. నాకది మొదటి ఉద్యోగం.

మామయ్య మీసం సవరించుకున్నాడు. "ఇంకెవరు సార్, నేనే. ఇంత పని ఇక్కడ ఇంకొకళ్ళకు చేతనవుతుందా?"

నా వంక చూడనైనా చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని ఆయనకు తెలుసు. యజమానిని ఎవరు తీసేస్తారు?

నా గొంతు అంత పెద్దదని నాకు ఆరోజే తెలిసింది. "కాదు సార్, నేను చేశాను. మళ్ళీ నేనే కూర్చి ఇస్తాను."

మామయ్య మొహం మాడిపోయింది. "చూశారా సార్, చేరి రెండు నెలలు కాలేదు. అప్పుడే నా పేరు కొట్టేద్దామని చూస్తోంది."

ప్రిన్సిపాల్‌గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఎవరిని తీసెయ్యమనాలో తేలక, వస్తున్న నవ్వు దగ్గులో దాచుకుని, సోమవారానికి కొత్త ప్రతులు కావాలని వెళ్ళిపోయారు.

నేను పెద్ద కాగితం బల్ల మీద పరిచాను. పేజీల అంకెలు ఈసారీ నేనే వేస్తానన్నాను.

"వెయ్యవే" అన్నాడు మామయ్య. "బాగా వస్తే మాత్రం నేను వేసినట్టే."