వాలు తప్పిన డీజిల్ ట్యాంకు

నా చిన్నప్పుడు చలికాలం వస్తోందని మాకు తెలిసేది గాలినిబట్టి కాదు, డీజిల్ ట్యాంకు దగ్గర మొదలయ్యే హడావిడినిబట్టి. కువైట్ అంటే ఎండేనని ఊళ్లో అందరూ అనుకుంటారు. కువైట్ దక్షిణం కొసన ఉన్న వఫ్రా తోటల్లో జనవరి నెలలో ఒక్కనాడైనా తెల్లవారుజామున నిద్రలేచినవాళ్లెవరూ ఆ మాట అనరు. మేముండే తోటకు అప్పట్లో కరెంటు తీగ రాలేదు. బోరు మోటార్లు, కీరదోస నారు పెంచే గ్రీన్‌హౌస్‌లో హీటర్లు, యజమాని ఇంట్లో దీపాలు అన్నీ ఒక్క జనరేటర్ మీదే నడిచేవి. దానికి కావలసిన డీజిల్ షెడ్డు పక్కన, ఇటుక దిమ్మెల మీద అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప ట్యాంకులో ఉండేది.

మా అమ్మ యజమాని తల్లి దగ్గర వంటమనిషి. ఇంటి పెద్దావిడను అక్కడ పిలిచే తీరులో ఆవిడను మామా అని పిలిచేది. ఆ మామా దయవల్లే నన్ను కూడా తోటలో ఉండనిచ్చారు. మా నాన్న కడప వైపు బేల్దారి మేస్త్రి. ఇక్కడికొచ్చాక గోడలు కట్టే పని దొరక్క, అదే తోటలో జనరేటర్ చూసుకునే పనికి కుదిరాడు. మొదటి చలికాలమే డీజిల్‌లో నీళ్లు చేరి జనరేటర్ ఆగిపోయింది. నారంతా చలికి నల్లబడిపోయింది. కఫీల్, అంటే మమ్మల్ని తన వీసా మీద పెట్టుకున్న ఆ యజమాని, నాన్నను పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే ఖలాస్, ఇక్కడ ఉండటానికి ఇచ్చిన ఇఖామా తీసేసి ఇంటికి పంపిస్తానన్నాడు. అమ్మను మాత్రం పంపడు, మామాకు అమ్మ చేతి వంట కావాలి. అంటే నాన్న ఒక దేశంలో, అమ్మ ఒక దేశంలో. నేను ఎవరి దగ్గర ఉంటానో ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదంతా ఆ భయంతోనే పడుకున్నాం, ఆ భయంతోనే లేచాం.

మళ్లీ చలి మొదలయ్యే ముందు ట్యాంకును సిద్ధం చేసి నాన్నకు పని నేర్పమని కఫీల్ ఒక పెద్దాయనను పిలిపించాడు. ఆయనదీ కడపే. ఫహాహీల్ పట్నంలో ఉండేవాడు కాబట్టి నాకు ఫహాహీల్ తాత అయ్యాడు. వఫ్రాలో సగం తోటల ట్యాంకులు ఆయన చేతిమీదుగానే చలికాలానికి తయారయ్యేవి. తాత చెయ్యిపడిన ట్యాంకులో నీటిచుక్క ఉండదని పేరు. ఆ పేరంటే ఆయనకు ఎంత మురిపెమో మీసం దువ్వుకునే తీరులోనే తెలిసిపోయేది.

పని చేస్తూ నాకు అన్నీ విడమరిచి చెప్పేవాడు. ఎండాకాలం వేడికి డీజిల్ పొంగుతుంది, అందుకని ట్యాంకులో పైన కాస్త వెలితి ఉంచాలి. చలికాలం ఆ వెలితితోనే చిక్కు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉంటే ఆ ఖాళీలో ఇనుముకు లోపలివైపు చెమటపట్టి, అది బొట్లుబొట్లుగా డీజిల్‌లోకి జారుతుంది. అందుకే చలికి ముందు అడుగున ఉన్న పాత నీరు వదిలేసి, ట్యాంకు నిండా పోయించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది. ఇంజనుకు వెళ్లే పైపు ఒక చివర, నీళ్లు వదిలే కుళాయి ఇంకో చివర. కుళాయి వైపు ట్యాంకు కొంచెం వాలి ఉంటే నీరంతా అటే చేరుతుంది. ఆ వాలు కోసం తాత పైపు వైపు దిమ్మె మీద ఒక పలక ఎక్కువ పెట్టాడు. పైపులకు గోనెపట్టా చుట్టాడు. ఫిల్టరు మార్చాడు. వారానికోసారి కుళాయి తిప్పి చూసుకోమని నాన్నకు చెప్పి వెళ్లాడు.

అంతా బాగానే ఉంది కానీ, మా నాన్న మేస్త్రి. వంకర కనిపిస్తే ఆయనకు అన్నం సహించదు. గోడకు అమ్మ తగిలించిన క్యాలెండర్‌ను కూడా వచ్చేటప్పుడోసారి, పోయేటప్పుడోసారి సరిచేసేవాడు. ఒకరోజు పెద్ద ఇసుకగాలి వీచి, పైపు వైపు దిమ్మె కింద నేల వదులైంది. నాన్న బాగుచేయడానికి కూర్చున్నాడు. ఊరినుంచి తెచ్చుకున్న రసమట్టం తీసి ట్యాంకు మీద పెట్టాడు. ఇన్నాళ్లకు తన సొంత పని చేతికి వచ్చిందన్న ఉత్సాహంలో వాలు సంగతి ఆయనకు తట్టనే లేదు. కుళాయి వైపు ఇటుక చేర్చి, సిమెంటు పూసి, బుడగ సరిగ్గా నడిమధ్యకు వచ్చాక నన్ను పిలిచి చూపించాడు. అంత తిన్నని ట్యాంకు వఫ్రా మొత్తంలో ఉండదనిపించింది నాకు. ఆ తర్వాత కుళాయి తిప్పినప్పుడల్లా శుభ్రమైన డీజిలే వచ్చేది. ఈసారి నీరే చేరలేదని నాన్న అమ్మతో సంబరంగా చెప్పేవాడు. ఈలోగా డీజిల్ తెచ్చే ట్యాంకర్ ఆలస్యమై, ట్యాంకు సగానికి దిగింది.

ఒక శుక్రవారం పొద్దున, గట్లమీద గడ్డి తెల్లగా మంచుపట్టి ఉండగా, జనరేటర్ దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. సెలవు కాబట్టి కఫీల్ తోటలోనే ఉన్నాడు. తాత పక్క తోటలో పనికి వచ్చాడని తెలిసి కారు పంపించాడు. తాత వచ్చి ఫిల్టరు విప్పితే నిండా నీళ్లు. కుళాయి తిప్పితే మంచి డీజిల్. వంగి దిమ్మెలు చూశాడు. వదులైన నేలలో పైపు వైపు దిమ్మె కుంగింది, కుళాయి వైపు లేచి ఉంది. నీరంతా ఇంజను వైపే నడిచింది. కొత్త సిమెంటు మీద నాన్న తాపీ గీతలు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. నాన్నకు అప్పుడు అర్థమైంది. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. వంటింటి గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఈ ఇటుక ఎవరు పెట్టారని కఫీల్ అరిచాడు. ఆ అరుపు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాన్న పనితనం గురించి చెప్పే వీలు దొరికిందనుకుని నోరు తెరిచాను. తాత చెయ్యి నా నెత్తిమీద పడి బరువుగా నొక్కింది. పెట్టించింది తానేనని, వాలు లెక్క తప్పింది తానేనని, ఇతను తాను చెప్పినట్టు చేశాడంతేనని తాత తనకొచ్చిన అరబ్బీలో నెమ్మదిగా చెప్పాడు.

కఫీల్ నోటికొచ్చినట్టు తిట్టాడు. కళ్లు పోయాయన్నాడు. ముసలితనం వచ్చాక ఇంటిపట్టున పడి ఉండమన్నాడు. ఇంకెప్పుడూ ఈ తోటలో అడుగుపెట్టొద్దన్నాడు. తాత తలవంచుకుని అంతా విన్నాడు. తర్వాత నాన్నను పక్కన పెట్టుకుని, జాకీతో ట్యాంకును ఎత్తి వాలు సరిచేసి, అడుగునున్న నీరు కుళాయి వైపు జారేదాకా ఆగి వదిలేసి, కొత్త ఫిల్టరు బిగించి ఇంజన్ తిప్పాడు. ఈలోగా ఎండ బాగా కాసింది కాబట్టి నారు బతికింది. మా నాన్న ఉద్యోగమూ నిలిచింది.

నిలవనిది తాత పేరు. ఆ మాట తోటనుంచి తోటకు పాకింది. ఎప్పుడూ ఆయనకోసం కాచుకు కూర్చునే యజమానులే ఆ చలికాలం వేరేవాళ్లను పిలిచారు. నాన్న ఇక ఉండలేకపోయాడు. మరుసటి శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని ఫహాహీల్‌లో తాత గదికి వెళ్లాడు. కఫీల్‌కు నిజం చెప్పేస్తానని ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు. తాతకు కోపం వచ్చింది.

"ఏం చెప్తావు అబ్బీ? నువ్వు చెప్తే నా పేరు నాకొస్తాది, ఈ పాపకు నువ్వు లేకుండా పోతావు. నా కూతురి పెండ్లికని ఇన్నేండ్లకు ఊరికి పోయినా. నన్ను చూసి నా బిడ్డే, ఎవురో పెద్దాయన వచ్చినాడు మా, అని వాళ్లమ్మను పిలిచింది. ఆ మాట నువ్వు వినగూడదు."

తాత లేచి మాకు టీ పెట్టాడు.

తర్వాత కొన్నాళ్లకే తాత ఊరికి వెళ్లిపోయాడు. నాన్న మెల్లగా వఫ్రాలో మంచి పనివాడనిపించుకున్నాడు. కానీ ఎవరైనా మెచ్చుకుంటే ఆయన ముఖం చిన్నబోయేది. ఎందుకో మా ముగ్గురికే తెలుసు.

నేనిప్పుడు కువైట్‌లోనే అర్దియాలో కుట్టుపని కొట్టు నడుపుతున్నాను. జుట్టు నెరిసింది కానీ నోరు నెమ్మదించలేదు. మాట పడటం నా ఒంటికి పడదు. తప్పు నాది కాదని రుజువు చేయగలిగితే ఆ మాట నాలుక చివరికి వచ్చేస్తుంది. అప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. నేను గెలిస్తే ఎవరి ఇల్లు రెండుగా చీలుతుందో చూసుకుంటాను. మేము ముగ్గురం ఒకే గదిలో గడిపిన చలికాలాలన్నీ, ఒక మనిషి తనది కాని తప్పును తనదని చెప్పినందుకు మాకు దక్కినవే.