బాయిలర్ మామ హ్యాండోవర్

మిల్లులో అందరూ ఆయన్ని బాయిలర్ మామ అనేవాళ్లు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా హ్యాండోవర్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం ఆయన చెప్పినంత బాగా ఏ ఇంజనీరూ చెప్పలేదు.

"హ్యాండోవర్ చెయ్యడమంటే 'నే పోతున్నా, చూసుకో' అని టిఫిన్ డబ్బా ఊపుకుంటూ పోవడం కాదురా. నా చేతిలోది నీ చేతిలో పెట్టడం. నువ్వు గట్టిగా పట్టుకున్నావని నాకు నమ్మకం కుదిరాకే వదలడం" అనేవాడు. షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాడి చెయ్యి ఒక్కో వాల్వు మీదా పెట్టించి, తెరిచుందో మూసుందో వాడి నోటితోనే చెప్పించేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు! ఒక్క మనిషికీ చెయ్యి కాలలేదు. నలుగురు మేనేజర్లు మారారు, మామ మారలేదు. తనిఖీకొచ్చిన ఆఫీసరు "ఈ గదిలో నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు" అని పుస్తకంలో రాసిపోయాడు.

ఆయన దగ్గరే పని నేర్చుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది పెద్ద కూతురు. మామ రిటైరైతే ఆ షిఫ్టు ఆమెకే రావాలి. కొత్త మేనేజరు మాత్రం నసిగాడు. "తండ్రి చాటు పిల్ల. హ్యాండోవర్ ఎలా తీసుకుంటుందో చూశాకే చెబుతాను" అన్నాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి బాయిలర్ గది నిండా జనం.

"మామా, రేపట్నుంచి అత్త దగ్గర డ్యూటీ!" అన్నాడు ఫిట్టరు.

"ఆవిడ ప్రెషర్ ముందు ఇదెంతరా!" అన్నాడు మామ.

ఆ నవ్వుల్లోనే వాల్వులన్నీ అప్పజెప్పాడు. కూతురు ఒక్కోటీ ముట్టుకుని బదులు చెప్పింది. చివరికి నీటి మట్టం చూపే గాజు గొట్టం దగ్గరికొచ్చారు. షిఫ్టు దిగేముందు దాన్ని ఆవిరితో కడగాలి. లేకపోతే మడ్డి పేరుకుని తప్పుడు మట్టం చూపిస్తుంది.

"ఇది ఇప్పుడే కడిగాను" అన్నాడు మామ.

కడిగిన నీళ్లు బయటికి పోయే కింది గొట్టం మీద ఆమె చెయ్యి పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది.

"నాన్నా, ఇది చల్లగా ఉంది."

"కడిగానంటున్నాగా!"

"కడిగితే కాలాలి కదా. నేను తీసుకోను."

"పోనీలేమ్మా, నాన్నగారు చెప్పారుగా, సంతకం పెట్టెయ్" అన్నాడు మేనేజరు.

"ఇంకెవరైనా ఇలా అప్పజెబితే, నేను తీసుకుంటే, నాన్నే నా తాట తీసేవాడు సార్."

మామకు అప్పుడు వెలిగింది. పొద్దుట్నుంచీ వచ్చేపోయేవాళ్లతో మాటల్లో పడ్డాడు. కడిగానన్న మాట అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. వంగి ఆ గొట్టం కుళాయి తిప్పాడు. బుస్సుమని ఆవిరితో మురికి నీళ్లొచ్చాయి. మూశాక చూస్తే అసలు మట్టం ఇందాక చూపినదానికన్నా వేలెడు కిందుంది. కూతురు పంపు నడిపి నీళ్లెక్కించి, అప్పుడు సంతకం పెట్టింది.

"కన్నతండ్రినని కూడా చూడలేదు. ఇంకా అనుమానమా సార్?" అన్నాడు మామ.

మేనేజరు అక్కడికక్కడే షిఫ్టు చార్టులో ఆమె పేరు రాశాడు.

మామ గేటుదాకా నడవలేదు, ఊరేగాడు. కనబడినవాడినల్లా ఆపి, "ఇన్నేళ్లలో నా హ్యాండోవర్ తిప్పికొట్టిన మొనగత్తె ఒక్కతే, మా అమ్మాయి!" అని చెప్పుకున్నాడు. వాచ్‌మన్‌కైతే రెండుసార్లు చెప్పాడు.