విరగని వంతెన

ఆ బడిలో చేతిపనుల గది నడిపే ఆవిడని పిల్లలు ఇసుక టీచరు అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆవిడకి తెలిసినా ఊరుకునేది. పేరు ఊరికే రాలేదు మరి. పిల్లలు ఐసు పుల్లలతో కట్టిన వంతెనలని రెండు బల్లల మధ్య పెట్టించి, కింద బకెట్ వేలాడదీసి, ఫెళ్ళున విరిగేదాకా అందులో గ్లాసుతో ఇసుక పోయించేది. విరగ్గొట్టడానికే అయితే కట్టడమెందుకని తోటి టీచర్లు వేళాకోళం చేసేవాళ్ళు. ఎక్కువ మోసిన వంతెనకి ఆ గదిలో మెప్పు లేదు. ఎన్ని గ్లాసులకి, ఎక్కడ విరుగుతుందో ముందే బోర్డు మీద రాసి, ఆ మాట నిలబెట్టుకున్నవాళ్ళకే మెప్పు. "ఎంత మొయ్యలేదో తెలియని వంతెన మీదికి మనుషుల్ని ఎక్కించకూడదర్రా," అనేది.

ఇంట్లో అక్కా, తనూ ఇద్దరే. ఆస్పత్రిలో నర్సు పని చేసొచ్చి కాళ్ళు చాపుకున్న అక్కకి, ఆరోజు ఏ వంతెన ఎక్కడ విరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేది.

"నాకు పొద్దస్తమానం విరిగినవే కనబడతాయే తల్లీ, ఇంట్లోనైనా వదిలిపెట్టు," అని అక్క విసుక్కునేది, వింటూనే. నిజం చెప్పాలంటే, ఆ గది తప్ప ఆవిడ బతుకులో చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ గది మీదే బడి కమిటీ కన్ను పడింది. పరీక్షల కోచింగుకి హాలు కావాలట. ఒకసారి వచ్చి చూసి తేలుస్తామన్నారు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, గోడమీద పిల్లి, అంతే.

"వాళ్ళకి మీ పాఠం అక్కర్లేదు టీచరుగారూ. విరిగిందంటే మనకి చేతకాదనుకుంటారు. ఈ ఒక్కసారికి నిలబెట్టండి, తర్వాత మీ ఇష్టం," అన్నాడు.

కమిటీ వచ్చే ముందురోజు బడి వదిలాక ఆవిడ తలుపు దగ్గరికి వేసింది. అన్నిటిలోకీ పొందికగా ఉన్న వంతెనని తీసి, కింది పుల్లల వెంట సన్నటి ఉక్కు తీగ లాగి, జిగురు పూసి, కనబడకుండా రంపపు పొట్టు అద్దింది. పిల్లలకి ఏది చెయ్యొద్దని ఇన్నేళ్ళూ చెప్పిందో అదే చేసింది, తీరిగ్గా, నేర్పుగా చేసింది. అందుకే ఆవిడ మీద నాకు జాలితోపాటు కోపం కూడా.

ఆ వంతెన కట్టిన అమ్మాయి నోట్లో నాలుక లేని పిల్ల. బోర్డు దగ్గర మాత్రం తడుముకోదు. మర్నాడు కమిటీవాళ్ళ ఎదుట 'పన్నెండు గ్లాసులు, కుడివైపు కింది పుల్ల' అని రాసింది. పన్నెండు దాటాయి. బకెట్ నిండింది. వంతెన ఉలకలేదు, పలకలేదు. కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టి, వంతెనని హెడ్మాస్టరు గది అద్దాల బీరువాలో పెట్టించమన్నారు. గది దక్కింది.

ఆ పిల్ల తను రాసింది అరచేత్తో తుడిచేసి, "నా లెక్క తప్పింది టీచర్," అంది. ఆవిడ నిజం చెప్పబోయింది. కమిటీవాళ్ళు ఇంకా గుమ్మం దాటలేదు. బకెట్ విప్పి ఇసుక వంపేసింది.

తర్వాతి వంతెనకి ఆ పిల్ల రెట్టింపు రాసింది. అది సగంలోనే విరిగితే అందరూ నవ్వారు. ఆపైన పక్కవాళ్ళు ఏది రాస్తే అదే రాయడం మొదలుపెట్టింది. అది చూడలేకపోయింది ఆవిడ. ఒకరోజు బీరువాలోంచి ఆ వంతెన అడిగి తెచ్చి, పిల్లని పిలిచి, రంపపు పొట్టు గోటితో గీకి తీగ చూపించింది.

"అయితే నా లెక్క తప్పు కాదా?"

"కాదమ్మా. నువ్వు రాసినచోటే విరిగేది. గది పోతుందని నేనే పెట్టాను. నాదే తప్పు."

మొహం విప్పారుతుందనుకుంది. విప్పారలేదు.

"మరి అంతకుముందు కట్టినవాటిలో? వాటిలో కూడా ఏమన్నా పెట్టారా?"

"లేదు. దేంట్లోనూ లేదు."

పిల్ల తలూపింది. నమ్మి కాదు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని.

మర్నాడు బకెట్ తగిలించే ముందు ఆ పిల్ల తన వంతెనని తిరగేసి, కింది పుల్లలని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడిమి చూసుకుంది. పక్కవాళ్ళు ఎందుకని అడిగితే ఊరికే అంది. టీచరు ఇసుక గ్లాసు పట్టుకుని, ఆ తడమడం అయ్యేదాకా నిలబడింది.