అక్క గుండె అలసిపోలేదు

మా అక్క పోయింది. సొంత అక్క కాదు, మా బావగారి భార్య. మా దిక్కున యారాలు అంటాం. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. నిమ్ము చేసి, ఊపిరాడక పోయింది. దినాలకు వచ్చినవాళ్లు మాత్రం "గుండెజబ్బు మనిషి, పాపం, ఆ గుండెనే తీస్కపోయింది" అన్నారు. నేను ఎదురు చెప్పే మనిషిని కాను, దేవుడితో కూడా మెల్లగానే మాట్లాడతాను. ఆ రోజూ చాయ్ గ్లాసులు అందిస్తూ ఊరుకున్నాను. కానీ ఆ మాట నిజం కాదు. ఆఖరి రోజు పరీక్ష చేసిన డాక్టరు "గుండె గట్టిగానే ఉందమ్మా, చెడింది ఊపిరితిత్తులే" అనడం నా చెవులతో విన్నాను. అబద్ధం నిలిచిపోకూడదని, బడి మానేశాక కలం పట్టని నేను ఇన్నాళ్లకు రాయడానికి కూర్చున్నాను.

కొన్నేళ్ల కిందట హత్నూరలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు వంటల దగ్గరే అక్కకు గుండెపోటు వచ్చింది. పెద్ద ఆసుపత్రిలో స్టెంట్ వేసి బతికించారు. ఇంటికి పంపేముందు అక్కడి డాక్టరమ్మ ఒక పరిశోధన సంగతి చెప్పారు. గుండెపోటు వచ్చినవాళ్లు మందులతో పాటు రోజూ ఒక పద్ధతిగా నడిస్తే గుండె ఎంత కోలుకుంటుందో చూస్తున్నారట. బావకు అది నచ్చలేదు.

"మన మీద పరీక్షలేంది? మనమేమన్న ఎలుకలమా?"

"మందు గాదు, నడుసుడే గద. నడిస్తే ఎవలన్న సచ్చిండ్రా?" అని అక్క సంతకం పెట్టింది.

తెల్లారి నడక మొదలైంది. కాజీపల్లిలో మా గల్లీ దాటితే కంపెనీ బస్సులు తిరిగే రోడ్డే. గడప దాటేముందు అక్క ఎద మీద చెయ్యి పెట్టుకుని, దూడను అదిలించినట్టు "పా బిడ్డా, పోదాం" అనేది. రోడ్డెక్కగానే అడగనివాళ్లు లేరు. "ఏడికి వోతున్నవ్ వదినా, చేతుల సంచి గూడ లేదు?" "ఇంట్ల లొల్లి అయిందా పెద్దమ్మా?" ఆటోవాళ్లు పక్కనే ఆపి ఎక్కమనేవాళ్లు. పని లేకుండా రోడ్డు మీద నడిచే ఆడమనిషిని మా దగ్గర ఎవరూ చూసి ఉండలేదు.

ఇక లాభం లేదని అక్క ఒక ఖాళీ సద్ది డబ్బా చేత పట్టుకుని పోసాగింది. ఎవరూ అడగలేదు. కంపెనీ డ్యూటీకి పోతున్నదనుకున్నారు. ఇంటికి వచ్చి నాకు చెప్పి ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. చాయ్ హోటల్ దగ్గర ఎవరో బావను పట్టుకుని, "ఏందన్నా, గుండె బాగలేని వదినెను కంపెనీ పనికి తోలుతున్నవట? గంత గతి లేకపాయెనా?" అన్నారట. బావ ఇంటికి వచ్చి డబ్బాను వాకిట్లోకి విసిరారు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే! ఇగ గడప దాటినవంటే సూడు!"

నడక ఆగిపోయింది. కొన్నాళ్లకే అక్క డాబా మీదికి బట్టలు ఆరేయడానికి పోయి, మెట్ల మధ్యలో కూర్చుండిపోవడం మొదలైంది. ఆమె చెప్పలేదు, నేను చూశాను.

ఆసుపత్రికి ఆమె వెంట నేను పోయాను. నడక ఎందుకు మానేశారని డాక్టరమ్మ అడిగితే అక్క ఏదీ దాచకుండా చెప్పేసింది. డబ్బా సంగతి విని డాక్టరమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. తర్వాత ఆమె ముఖం చిన్నదైపోయింది.

"మీరొక్కరే కాదమ్మా. ఆడవాళ్లంతా ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఇట్లయితే ఈ పరిశోధనలో మగవాళ్ల లెక్కలే మిగుల్తయి."

"గట్లయితె మొగోళ్ల గుండెను సూసి మాకు వైద్యం చేస్తరా డాక్టరమ్మా?"

"ఇన్నాళ్లు చాలావరకు అట్లనే చేసినమమ్మా."

అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ ఒక ఉపాయం చెప్పింది. "ఒక్కదాన్ని నడిస్తే లొల్లి పెట్టుకొని పోతున్నదంటరు. నలుగురం కలిసి నడిస్తే ఎవలు ఏమంటరు? తోడు తెచ్చుకోవచ్చని మీ రూల్ల పెట్టుండ్రి. మానేసినోళ్లకు గూడ కబురు చెయ్యిండ్రి."

రూలు మార్చాలంటే పైవాళ్ల అనుమతి కావాలన్నారు. అది రావాలని ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. వచ్చింది, కాయ కొట్టాను.

ఇక బావ. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అక్క గొంతు పెంచకుండానే అడిగింది. "మీ ఇజ్జత్ కోసం ఇంట్ల కూసుంటె నేనే పోత. అప్పుడు హోటల్ కాడ ఏం చెప్పుకుంటరు?" తెల్లవారి అక్క, నేను, గల్లీలోని ఇంకో ఇద్దరు కలిసి బయలుదేరితే, వెనక చాలా దూరంలో కట్టె పట్టుకుని బావ కూడా వస్తున్నారు. ఏందని అడిగితే "కుక్కలున్నయ్" అన్నారు.

నలుగురం పెద్ద గుంపయ్యాం. షుగరున్నవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా వచ్చి కలిశారు. "ఏందక్కా, ఊరేగింపా?" అని బస్సు కిటికీలోంచి ఒకామె అరిచింది. "అవునే, నా గుండె ఊరేగింపు! దిగిరా, నువ్వు గూడ!" అని అక్క అంతకంటే గట్టిగా అరిచింది.

పరిశోధన ముగిసే రోజు ఆసుపత్రికి పోతే, మధ్యలో మానేసిన ఆడవాళ్లు కూడా అక్కలను, కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చి కూర్చుని ఉన్నారు. వరండా నిండా చీరలే. డాక్టరమ్మ అక్క చేతులు పట్టుకుని, "ఇప్పుడు ఆడవాళ్ల గుండె గురించి కూడా మేం ధైర్యంగా చెప్పగలం" అన్నారు. నాకు అర్థమైంది అంతే, అది చాలు.

చివరి పరీక్ష ఆ వరండాలో నడవడమే. నర్సు గడియారం పట్టుకుని నిలబడింది. అక్క కొంగు నడుముకు చెక్కుకుని నడక అందుకుంది. సమయం అయిపోయింది.

"అమ్మా, ఇక ఆగండి!"

"ఉండు బిడ్డా, జెర ఆ కిడికీ దాకా పోయొస్త."

ఆగలేదు. బల్లల మీది ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. బావ లేచి నిలబడ్డారు. వరండా చివర కిటికీలోంచి పొద్దటి ఎండ పడుతోంది. అక్క ఆ ఎండలోకి పోయి, మా వైపు తిరిగి, ఆయాసం లేకుండా నవ్వింది.

మన ఇంటి ఆడపిల్లలారా, ఈ కాగితాలు దాచుకోండి, బయట ఎవరికీ చూపించకండి. సద్ది డబ్బా సంగతి నలుగురికీ తెలిస్తే బావ, అదే మీ పెద్దాయన, ఇప్పటికీ చిన్నబుచ్చుకుంటారు. మీరు చదువుకుని, మడిచి, మళ్లీ లోపల పెట్టేయండి.