ఏడో లెవల్ నుంచి పడినా పగలని నా మబ్బుల మిషను

నాసిరకం సామాను కొని మోసపోయిన వాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. నాది అలాంటిది కాదు. నేను మంచి సరుకు కొన్నాను. మరీ మంచి సరుకు కొన్నాను. అది పగలనందుకు, తడవనందుకు, చెడిపోనందుకు నా ఉద్యోగం, నా సెలవు, నా పరువు మూడూ ఒకే ఉదయం గాలిలో వేలాడాయి. ఆ గాలి కూడా మామిడికాయ తొక్కు వాసన కొట్టింది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

అవి ఖతర్‌లో ప్రపంచకప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులు. నా పేరు రాజేశం, మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఒక స్టేడియం పనిలో నేను స్కాఫోల్డింగ్ కట్టేవాణ్ణి. ఇనుప పైపులు బిగించి, మిగతా వాళ్ళు నిలబడి పనిచేసుకునే మంచెలు కట్టడం మా డ్యూటీ. వేకువనే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో బస్సెక్కి, ఎండ ముదిరేసరికి ఏడో లెవల్ మీద ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచి చూస్తే వెస్ట్ బే మేడలు వేడికి సన్నగా ఊగుతూ కనిపించేవి. వాటి వెనక సముద్రం ఉందో, ఆకాశమే కిందికి దిగిందో తెలిసేది కాదు. నేను మొదటినుంచీ పగటికలల మనిషిని. అలాంటివాణ్ణి అంత ఎత్తున నిలబెడితే ఏమవుతుంది? చేతులు పైపులు బిగిస్తుండేవి, మనసు మాత్రం జగిత్యాల బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుంటుండేది.

దానికి కారణముంది. నేను విమానం ఎక్కేనాటికి మా ఆవిడ లావణ్యకు రెండో నెల. బిడ్డ పుట్టింది, బోర్లాపడింది, నడిచింది. అన్నీ ఫోన్‌లోనే చూశాను. రెండేళ్ళ సెలవుకు ఇంకో మూడు నెలలుందనగా లావణ్య ఒక షరతు పెట్టింది.

"బీడీ వాసనతోటి అస్తే పిల్లను నీ ఒళ్ళె పెట్ట," అంది.

"మానేస్తనే. మూడు నెలలున్నయ్ గద."

"పెండ్లికి ముంగట గూడ గిదే చెప్పినవ్."

నిజమే, చెప్పాను. బీడీ నాకు పదిహేనేళ్ళ స్నేహం. ఒక్కసారిగా వదిలితే చేతులు వణుకుతాయి, చేతులు వణికేవాడు ఏడో లెవల్ మీద ఉండకూడదు. అప్పుడే ఎవరో చెప్పారు, కరెంటు సిగరెట్టని ఒకటొచ్చిందట, వేప్ అంటారట, పొగ ఉండదట, ఆవిరేనట. బీడీ మానడానికి అదే దారి అని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. మా ఊరి గంగారాం, నా రూమ్మేటు, అప్పటికి సెలవు మీద ఇంటికి పోయి ఉన్నాడు. హైదరాబాదులో కొనుక్కురమ్మన్నాను. వాడు దుకాణంలో నిలబడి ఫోన్ చేశాడు.

"బావా, దుకాన్లనే ఉన్న. ఎసొంటిది గావాలె చెప్పు."

"గట్టిది."

"అన్నీ గట్టియే అంటున్నడు."

"గట్ల గాదు. మీదికెళ్ళి పడ్డా పగలద్దు. చెమటల తడిస్తే ఆగిపోవద్దు. ఇసుక పోతే బందు గావద్దు. ఎండకు బ్యాటరీ ఉబ్బద్దు. గ్లౌజులతోటి ఒత్తినా బటన్ పనిచెయ్యాలె."

అవతల కాసేపు గొణుగుడు వినిపించింది. తరవాత గంగారాం మెల్లగా అన్నాడు.

"నీకు సిగరెట్టు గావాల్నా, జేసీబీ గావాల్నా అని అడుగుతున్నడు బావా."

అయినా నేను తగ్గలేదు. దుకాణాయన చివరికి లోపల్నుంచి ఒకటి తీశాడు. ఉక్కు ఒళ్ళు, పైన నారింజరంగు రబ్బరు తొడుగు, కొసకు బటన్ నొక్కితే వెలిగే నీలం లైటు. గంగారాం దాన్ని బకెట్ నీళ్ళలో ముంచాడు. మెట్ల మీంచి విసిరాడు. చివరికి దాని మీదుగా మోటారుసైకిలు పోనిచ్చాడు.

"ఏమైందిరా?"

"దానికేం గాలె. బండే పక్కకు ఒరిగింది."

నా కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. అన్ని ప్రశ్నలూ అడిగాను. ఖతర్‌లో ఇది దగ్గర పెట్టుకోవచ్చా అన్న ఒక్క ప్రశ్న తప్ప.

గంగారాం దాన్ని పాలిథిన్‌లో చుట్టి, మామిడికాయ తొక్కు డబ్బా అడుగున పెట్టి తెచ్చాడు. నీళ్ళు చొరని ఆ మిషనులోకి తొక్కు వాసన మాత్రం ఎలా చొరబడిందో ఈనాటికీ అంతుపట్టలేదు. పెట్టె మీద పుదీనా రుచి అని రాసి ఉంది. పీలిస్తే పుదీనా వేసిన మామిడికాయ తొక్కు.

ఇక నా తెలివి చూడండి. మా క్యాంపులో వేలమంది, అందరి వస్తువులూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే హెల్మెట్ మొదలు చెప్పుల దాకా ప్రతిదాని మీదా కంపెనీ నంబరు రాసుకుంటాం. నాది 4417. సైట్‌లోనైతే ఇంకో ఆచారం. తనిఖీ అయిన ప్రతి పనిముట్టుకూ ఆ నెల రంగు టేప్ చుడతారు, ఎత్తున వాడేదైతే జారిపడకుండా తాడుతో నడుముకు కట్టుకోవాలి. నేను స్టోరుకు పోయి ఇనుము మీద చెక్కే పెన్ను అరువడిగి, నా మబ్బుల మిషను మీద 4417 అని లోతుగా చెక్కాను. ఆ నెల రంగు పచ్చ, పచ్చ టేప్ చుట్టాను. తాడు కట్టి స్పానర్ పక్కన వేలాడేశాను. చూసినవాడెవడైనా అదేదో పనిముట్టే అనుకుంటాడు. నా అంత జాగ్రత్తపరుడు గల్ఫ్ మొత్తంలో లేడని మురిసిపోయాను.

రెండు నెలలు హాయిగా గడిచాయి, నెల మారగానే టేప్ రంగూ మార్చాను. బీడీ ముట్టలేదు. మధ్యాహ్నం అందరూ నీళ్ళు తాగడానికి దిగినప్పుడు నేనొక్కణ్ణే పైన కూర్చుని ఒక్క దమ్ము పీల్చి వదిలేవాణ్ణి. ఆ దేశపు ఆకాశంలో నెలల తరబడి ఒక్క మబ్బు ఉండదు. నా నోట్లోంచి వచ్చిన తెల్లటి తునక ఒకటి కాసేపు పైపుల మధ్య తచ్చాడి సముద్రం వైపు సాగిపోయేది. అది మా ఊరికి పోతుందనీ, మా ఇంటి మీద నాలుగు చినుకులు కురుస్తుందనీ, బిడ్డ చెయ్యి చాపి పట్టుకుంటుందనీ అనుకునేవాణ్ణి. నవ్వకండి. నలభై అయిదు డిగ్రీల ఎండలో మీరూ అలాగే అనుకుంటారు.

సెలవుకు పది రోజులుందనగా పొద్దుటి మీటింగులో సేఫ్టీ ఆఫీసర్ ఇక్బాల్ సాబ్ మైకు పట్టుకుని గర్జించాడు. ఆయనది లక్నో వైపు. పెద్ద మీసం, అంతకంటే పెద్ద గొంతు. ఈ దేశంలో కరెంటు సిగరెట్టు తేవడం, అమ్మడం నేరమనీ, సైట్‌లో ఎవడి దగ్గరైనా దొరికితే క్యాంపుకు కూడా పోనివ్వకుండా నేరుగా విమానం ఎక్కిస్తాననీ హిందీలో చెప్పాడు. నా సెలవు కాగితం మీద ఇంకా ఆయన సంతకమే కావాలి. నా నడుముకు వేలాడుతున్నది ఒక్కసారిగా మణుగు బరువైంది.

ఆ సాయంత్రమే దాన్ని క్యాంపు చెత్తడబ్బాలో అడుక్కంటా తోసి, చేతులు కడుక్కుని పడుకున్నాను. మర్నాడు స్టోరు నుంచి కబురొచ్చింది. స్టోర్‌కీపర్ సాల్మన్ రాజు గారిది అమలాపురం. నెమ్మదస్తుడు, దేవుడి తరవాత రిజిస్టరునే నమ్ముతాడు. బల్ల మీద నా మిషను ఉంది, శుభ్రంగా తుడిచి మరీ.

"నీదేనా బాబూ ఇది? క్లీనింగ్ కుర్రాళ్ళు తెచ్చి ఇచ్చారు. నంబరు ఉంది, టేప్ ఉంది, పాపం ఎవరిదో పోయిందనుకున్నారు."

"నాదే సార్."

"ఇదేంటో నాకు తెలుసు. మా మేనల్లుడి దగ్గర చూశాను. పది రోజుల్లో కూతుర్ని చూడాల్సినోడివి, నీకెందుకయ్యా ఇదంతా? ఎక్కడైనా పారెయ్యి."

"పారేసిన సార్. మీరే మళ్ళ ఇస్తున్నరు."

"నంబరు చెక్కుకున్నాక ఇవ్వక ఏం చెయ్యమంటావు?"

బస్సు కిటికీలోంచి విసిరెయ్యచ్చు కదా అని మీరంటారు. మీకు వచ్చిన ఆలోచన నాకు రాలేదు, వస్తే ఈ కథే ఉండేది కాదు. నా ఆలోచన ఏమిటంటే, ఏడో లెవల్ నుంచి కంచె అవతలి ఇసుకలోకి విసరాలి. అక్కడ మనుషులు తిరగరు. మధ్యాహ్నం పైకెక్కి తాడు ముడి విప్పాను. రెండు నెలల్లో దాన్ని తాడు లేకుండా పట్టుకోవడం అదే మొదటిసారి. చివరిగా ఒక మబ్బు వదిలి సాగనంపుదామనిపించింది. పీల్చాను, వదిలాను, అది సముద్రం వైపు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. చెమట చేతిలోంచి మిషను జారింది.

పైపుకు తగిలి టంగుమంది. ఇంకో పైపుకు తగిలి మళ్ళీ మోగింది. చివరికి ఇసుకలో దిగబడింది, ఇక్బాల్ సాబ్ బూటుకు మూరెడు దూరంలో.

పైనుంచి వస్తువు పడటమంటే సైట్‌లో హత్యాయత్నంతో సమానం. విజిళ్ళు మోగాయి, పని ఆగింది. ఇక్బాల్ సాబ్ దాన్ని ఎత్తి, తుడిచి, నంబరు చదివాడు. చిన్న సొట్ట కూడా పడలేదు. తుడుస్తుంటే వేలు బటన్ మీద పడి నీలం లైటు ఎప్పటిలాగే వెలిగింది.

మర్నాడు పొద్దున ఆరువందల మంది ముందు నన్ను స్టేజీ ఎక్కించారు. సాల్మన్ రాజు గారు ముందువరసలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు.

"ఏమిటిది?" ఇక్బాల్ సాబ్ హిందీలో అడిగాడు.

"టార్చిలైటు సాబ్."

బటన్ నొక్కాడు, నీలంగా వెలిగింది. మైకులో గర్జించాడే గానీ ఆయన దాన్నెప్పుడూ కళ్ళతో చూసినట్టు లేదు, నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"మరి పైన ఈ రంధ్రం దేనికి?"

"సీటీ సాబ్. ఆపదొస్తే ఊదనీకి."

ఆయన ముఖం వెలిగిపోయింది. జనం వైపు తిరిగి, చూడండి, వీడు తాడు కట్టలేదు, అది తప్పే, కానీ సొంతంగా టార్చి, విజిల్ రెండూ ఉన్న పరికరం తెచ్చుకున్నాడు, అంత ఎత్తు నుంచి పడినా అది పగల్లేదు, ఇలాంటివి అందరికీ ఉండాలి అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. తరవాత నా మిషను నోట్లో పెట్టుకుని ఊదాడు. శబ్దం రాలేదు.

"చప్పుడు రావట్లేదే?"

"ఇసుక పోయినట్టుంది సాబ్. ఇటియ్యుండ్రి, నేను కడుక్కొస్త."

"ఉండు."

బటన్ గట్టిగా నొక్కిపట్టాడు. ఈసారి బలంగా ఊదాలని, నోట్లోంచి దాన్ని తియ్యకుండానే, గుండెనిండా గాలి పీల్చాడు.

ఆ తరవాత జరిగింది నాకు కలలాగే గుర్తుంది. ముందు ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మీసం కదిలింది. రెండు ముక్కుపుటాల్లోంచి, నోట్లోంచి, చెవుల్లోంచి కూడా వచ్చిందంటారు గంగారాం వాళ్ళు, అంత తెల్లటి మబ్బు నేనెన్నడూ వదల్లేదు. అది మైకు మీదుగా సాగి, ముందువరస హెల్మెట్ల మీద వాలింది. ఆరువందల మందీ తొక్కు వాసన పీల్చారు. ఒక్కరు నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆయన చాలాసేపు దగ్గాడు. తరవాత మైకును చేత్తో మూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"యే టార్చ్ హై. ఔర్ సీటీ హై. సమఝా?"

"సమఝా సాబ్."

పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? అది ఫలానా అని ఒప్పుకుంటే, సైట్‌లో దాన్ని అందరిముందూ పీల్చిన మొదటి మనిషి తనే అవుతాడు. తాడు కట్టని పనిముట్టు జారవిడిచినందుకు రెండు రోజులు ఎత్తు మీదికి ఎక్కొద్దని నాకు శిక్ష వేశాడు. మిషనును పగలగొట్టమని సాల్మన్ రాజు గారికిచ్చాడు. సెలవు కాగితం మీద నా ముఖం చూడకుండా సంతకం చేశాడు. ఆ కాగితం పట్టుకుని బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. సిగ్గేం లేదు, చెప్తున్నాను.

ఇంటికి చేరాను. లావణ్య గడపలోనే ఆపి వాసన చూసింది.

"బీడీ వాసనైతే లేదు," అంది. బిడ్డను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. ఫోన్‌లో చూసిన ముఖానికి ఇంత బరువుంటుందని నాకు తెలియదు. అది నా గడ్డం పట్టుకుని లాగింది. అంతే, ఏడో లెవల్ మీద కన్న కలలన్నీ ఒక్కసారే కిందికి దిగాయి.

ఆ సుఖంలో ఉండగానే లావణ్య నా సంచి విప్పింది. సాల్మన్ రాజు గారు ఇచ్చిన ఖర్జూరం డబ్బా బయటికొచ్చింది. దాని అడుగున నారింజరంగు రబ్బరు. 4417. కొత్త నెల ఎర్ర టేప్ కూడా చుట్టి ఉంది. పక్కన చీటీ: "సుత్తితో కొట్టాను, సుత్తి కర్ర విరిగింది. నీ నంబరున్న సామాను స్టోరులో మిగిలి ఉంటే నీ సెలవు క్లియరెన్సు మీద నేను సంతకం పెట్టకూడదు బాబూ. అందుకని తిరిగి ఇచ్చేశాను."

"గిదేంది?"

"టార్చిలైటు."

"మీద బొర్ర ఎందుకు?"

"సీటీ."

ఆమె దాన్ని పెదాల దగ్గరికి తీసుకుంది. నేను ఒక చేత్తో బిడ్డను అదిమి పట్టుకుని రెండో చేత్తో లాక్కున్నాను, సంగతంతా చెప్పాను. ఆమె బిడ్డను నా ఒళ్ళోంచి తీసుకుంది. బండరాయితో కొట్టాను, గొడ్డలి తిరగేసి కొట్టాను. బ్యాటరీ, లోపలి సామాను ఊడి వచ్చాయి. ఉక్కు ఒళ్ళు మాత్రం అలాగే ఉంది. దాన్ని కడిగి చూపించాకే బిడ్డ మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. బీడీ లేదు, మబ్బూ లేదు. ఆ ఉక్కు ముక్క మా ముందుగది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉంటోంది. మా ఊళ్ళో గల్ఫంతా దుబాయే కాబట్టి, వచ్చిన చుట్టాలందరికీ లావణ్య ఒకటే మాట చెప్తుంది: "దుబాయ్‌కెళ్ళి ఈయన తెచ్చినయాట్ల ఇప్పటిదాంక గట్టిగున్నది గిదొక్కటే."

కాబట్టి నా భార్య సాక్షిగా, నా బిడ్డ సాక్షిగా, ఇక్బాల్ సాబ్ మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ వస్తువు కొన్నా, దుకాణంలో కింద పడేసి చూసి, పగిలితేనే కొంటాను.